తిరగబడ్డ తొమ్మిది

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు అచ్చుతప్పు గారు భార్యతో ఒక అబద్ధం ఆడారు.

అబద్ధం ఆడటం కన్నా ఎనిమిదింటికి నిద్ర లేవడమే ఆయనకు ఎక్కువ కష్టమైంది. దినపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆయనది. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే, వీధి అంతా ముసుగు తన్నాక గానీ ఇల్లు చేరరు. పొద్దున పదింటి ముందు ఆయన కళ్ళు తెరిచి ఉండటం ఆ ఇంటి గోడలు కూడా చూసి ఎరగవు.

అచ్చుతప్పు అన్న పేరు ప్రెస్సువాళ్ళు పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా తప్పులు వెతికీ వెతికీ, ఆయన కళ్ళు ఒప్పుల మీద నిలవడం మానేశాయి. ఎవరైనా శుభలేఖ ఇస్తే దాన్ని ఎర్ర కలంతో దిద్ది వాళ్ళ చేతికే తిరిగి ఇచ్చేవారు. ఆ ఇంట్లో రెండో పెళ్ళికి ఎవరూ పిలిచేవారు కాదు. పార్కులో ఆయన వచ్చి కూర్చోగానే బెంచీ మీద మిగతావాళ్ళకు ఏవో పనులు గుర్తొచ్చేవి. మొదట్లో ఇదేదో తనకిచ్చే గౌరవం అనుకున్నారు. పోను పోను బెంచీ మరీ పొడుగ్గా కనిపించసాగింది.

భార్య టైలరు. నాలుగు వీధుల అవతల ఆవిడకో చిన్న షాపు. ఆయన లేచేసరికి ఆవిడ షాపులో ఉండేది, ఆవిడ ఇంటికి వచ్చేసరికి ఆయన ప్రెస్సులో ఉండేవారు. ఆదివారం ఆయనకు సెలవు, ఆవిడకు గిరాకీ. సోమవారం ఆవిడకు సెలవు, ఆయనకు పొద్దెక్కేదాకా నిద్ర, ఆపైన డ్యూటీ. పిల్లల్లేని ఇల్లు. ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరాలు రాసుకునే దంపతులు వాళ్ళు.

ఆ ఉత్తరాలూ ఎన్నాళ్ళో సాగలేదు. "కూర స్టవ్ మీద ఉంది, వేడి చేసుకొండి" అని ఆవిడ చీటీ పెట్టేది. ఆయన భోంచేసి, 'కొండి' కింద ఎర్రగీత గీసి, 'కోండి' అని పక్కన రాసి, చీటీ అక్కడే పెట్టేవారు. మొదటి ఏడు ఆవిడ నవ్వింది. రెండో ఏడు చీటీలో మాటలు తగ్గించింది. మూడో ఏడు "కూర" అని మాత్రం రాసింది. తర్వాత గిన్నె మీద మూత పెట్టి వెళ్ళిపోయేది. మూతలో దిద్దడానికి ఏమీ ఉండదు.

ఇక అబద్ధం సంగతి.

"రేపు ఆదివారం నాకు ప్రెస్సులో పనుంది. ప్రత్యేక సంచిక" అన్నారాయన, గుమ్మంలో నిలబడి.

"దేని మీద?" అంది ఆవిడ, చెప్పులు వేసుకుంటూ.

ఆ ప్రశ్నకు ఆయన సిద్ధపడలేదు. ఎదురుగా బకెట్టు కనిపించింది. "నీటి పొదుపు మీద."

"సరే. నేనూ రేపు మా వదిన దగ్గరికి వెళ్తున్నా. నెల మొదటి ఆదివారం కదా."

"మీ వదిన ఎలా ఉంది?"

"మోకాళ్ళు."

"మోకాళ్ళు ఏమిటి? 'మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి' అనాలి. క్రియ లేకపోతే అది వాక్యమే కాదు."

ఆవిడ ఆయన వంక ఒక్క క్షణం చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. అలా వెళ్ళడంలోనూ క్రియ లేనట్టే ఉంది.

నిజానికి ఆయన పోదామనుకున్నది ఫుట్‌బాల్ ఆటకు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమేమీ కాదు. రైలులో గంటన్నర పోతే సముద్రం ఒడ్డున ఒక ఊరు ఉంది. అక్కడ రేవులో పనిచేసేవాళ్ళు ఒక జట్టుగా చేరి ఆడుతుంటారు. పెద్ద ఆటల వార్తలు సోమవారం పేపర్లో వస్తే, ఈ రేవు జట్టు వార్త మంగళవారం వచ్చేది, అదీ పేజీ అడుగున మూడు వరుసల్లో. అంత తొందరపడి తెలుసుకోవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఆ మూడో వరుస చివర "ప్రేక్షకులు: 41" అనో, "38" అనో ఉండేది. దాన్ని దిద్దుతున్న ప్రతిసారీ ఆయన కలం కాసేపు ఆగేది. నలభై మంది ఉన్నచోట ఒంటరి మనిషి ఒంటరిగా కనపడడు. అలాగని ఎవరూ వచ్చి పలకరించేటంత రద్దీ కూడా ఉండదు. తనలాంటి వాడికి సరిగ్గా సరిపోయే లెక్క.

ఇది భార్యతో చెబితే "ఎవరితో వెళ్తున్నారు?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఆయన నీటి పొదుపు మీద సంచిక వేశారు.

ఆదివారం పొద్దున ఆవిడకన్నా అరగంట ముందే ఇంట్లోంచి బయటపడి స్టేషను చేరుకున్నారు. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద బోర్డులు చదివారు. ఏడు తప్పులు దొరికాయి. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి సీట్లో ఎవరూ లేరు. గంటన్నరసేపు ఆ ఖాళీ సీటూ ఆయనా ఒకరినొకరు చూసుకుంటూ ప్రయాణం చేశారు.

సముద్రం ఒడ్డు ఊరంటే ఆయన ఏదో ఊహించుకున్నారు గానీ, అక్కడ ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, మూసిన కిటికీలు, తుప్పు పట్టిన సైకిళ్ళు తప్ప ఏమీ లేవు. ఐసు ఫ్యాక్టరీ వెనకాల మైదానం. ఒక పక్క మూడు సిమెంటు మెట్లు, రెండో పక్క చేపల వలలు ఆరేసిన కంచె. గోలు వెనక కట్టిన వల కూడా ఒకప్పుడు చేపలు పట్టిందే.

గేటు దగ్గర వేరుశనగల ఆయన "ఎన్ని పొట్లాలు?" అన్నాడు.

"ఒకటి."

"ఒకటేనా?"

"ఒకటే" అన్నారు అచ్చుతప్పు గారు, కొంచెం గట్టిగానే.

జనాన్ని లెక్కపెట్టుకున్నారు. తనతో కలిపి నలభై మూడు. అందరూ ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఆ చివర మెట్టు మీద మాత్రం ఎవరో ఒక్కరే, ఎండకు నల్ల గొడుగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. 'పాపం, నాలాంటి వాళ్ళే ఎవరో' అనుకుని ఆయన ఈ చివర కూర్చున్నారు.

నీలం చొక్కాల రేవు జట్టుకూ, ఎర్ర చొక్కాల పోస్టాఫీసు జట్టుకూ ఆట. రిఫరీ వారంలో ఆరు రోజులు బస్సు కండక్టరు. ఈల ఊదడంలో రెండు ఉద్యోగాలకూ పెద్ద తేడా లేదు గనక బాగానే నెట్టుకొస్తున్నాడు, కాకపోతే ఆటగాళ్ళు ఒకచోట గుమిగూడితే "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటున్నాడు. రేవు జట్టు చొక్కాలు ఆ రోజే కొత్తగా తొడిగినవి. మడతలు ఇంకా విడలేదు.

మూడో నిమిషంలోనే ఆయన కంటికి తప్పు కనిపించింది.

రేవు జట్టులో ఆరో నంబరు ఇద్దరున్నారు. తొమ్మిదో నంబరు లేడు.

కళ్ళు మూసుకున్నారు. 'ఇవాళ సెలవు. దిద్దకూడదు' అని తనకు తాను చెప్పుకున్నారు. ఒక వేరుశనగ గింజ నోట్లో వేసుకున్నారు. కళ్ళు తెరిచారు. ఆ లావుపాటి చేపల లారీ డ్రైవరు వీపు మీద, తలకిందులైన తొమ్మిది, ఆరులా నటిస్తూ మైదానం అంతా పరిగెడుతోంది. ఆయనకు అరికాళ్ళలో దురద పుట్టింది. పావుగంటసేపు పళ్ళ బిగువున ఓర్చుకున్నారు.

ఇరవయ్యో నిమిషంలో అసలు ఆరో నంబరు, ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు, ఎదుటివాడి కాలికి కాలు అడ్డం పెట్టాడు. కండక్టరు పసుపు కార్డు చూపించి పుస్తకంలో 'ఆరు' అని రాసుకున్నాడు. ముప్పై అయిదో నిమిషంలో లారీ డ్రైవరు ఇంకొకడి చొక్కా పట్టుకు లాగాడు. కండక్టరు వీపు చూశాడు, పుస్తకం చూశాడు. రెండో పసుపు కార్డు, దాని వెంటే ఎర్ర కార్డు.

"దిగు" అన్నాడు, అలవాటు కొద్దీ.

"నేనెందుకు దిగుతాను? నాకిదే మొదటిది" అన్నాడు డ్రైవరు.

"పుస్తకంలో ఉంది. ఆరు."

"ఆ ఆరు వాడు!"

"నేనా? నేను లాగలేదే!" అన్నాడు మెకానిక్కు.

"ఇద్దర్నీ దించెయ్యండి!" అని పోస్టాఫీసు జట్టు అరిచింది. రేవు జట్టు కోచ్ చెప్పులతోనే మైదానంలోకి ఉరికాడు. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. అందరూ క్రేన్ బాబాయి అంటారు. ఇరవై రెండు మందీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. కండక్టరు "జరగండి, జరగండి" అంటూ ఈల ఊదుతున్నాడు. వేరుశనగల ఆయన కూడా బుట్ట నెత్తిన పెట్టుకుని లోపలికి వెళ్ళి తన అభిప్రాయం చెప్పాడు.

ఇక అచ్చుతప్పు గారి వల్ల కాలేదు. మెట్లు దిగి, గీత దాటి, గుంపును చీల్చుకుని వెళ్ళారు.

"అచ్చుతప్పు! అచ్చుతప్పు!" అని అరిచారు. తన పేరు తనే చెప్పుకుంటున్నట్టయింది. "అది ఆరు కాదయ్యా, తిరగబడ్డ తొమ్మిది!"

అని ఊరుకుంటే బాగుండేది. చెయ్యి ఊరుకోలేదు. జేబులోంచి ఎర్ర కలం తీసి, లారీ డ్రైవరు వీపు మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి, అక్షరం తలకిందులైతే పెట్టే గుర్తు పెట్టి, అంచున ఒక గీత కూడా లాగారు.

కండక్టరు నోట్లోంచి ఈల జారింది.

"కొత్త చొక్కా!" అన్నాడు క్రేన్ బాబాయి. "ఇవాళే తొడిగిన చొక్కా! ఎవరయ్యా నువ్వు?"

"నేను చెప్పింది కరెక్టా కాదా చూడండి. ఇంతకీ ఇవి ఎవరు కుట్టారు? కళ్ళు నెత్తి మీద పెట్టుకుని కుట్టారా?"

"మా అక్క కుట్టింది" అన్నాడు డ్రైవరు. "అదుగో, వస్తోంది."

నల్ల గొడుగు మెట్లు దిగి వస్తోంది. గొడుగు కింద ఆయన భార్య ఉంది.

అచ్చుతప్పు గారు నోరు తెరిచారు. 'నువ్వు మీ వదిన దగ్గర కదా ఉండాలి' అందామనుకున్నారు. 'మీరు ప్రెస్సులో కదా ఉండాలి' అంటుందని గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

ఆవిడ చొక్కా చూసింది. ఆయన్ని చూసింది. మొహంలో ఒక్క నరం కూడా కదలలేదు.

"ఎవరండీ మీరు?" అంది.

"నేనా... నేను..."

"తప్పు చెప్పడం బాగానే ఉంది. నోటితో చెబితే చాలదూ? నా బట్ట మీద గీతలెందుకు?"

"అదృష్టవంతుడివి" అన్నాడు క్రేన్ బాబాయి, వేలు చూపిస్తూ. "ఆవిడ భర్త ఓడలో ఉద్యోగం. ఏడాది పొడుగునా సముద్రం మీదే. ఆయనే గనక ఇక్కడుంటే ఈ పాటికి నీ చెంప పగిలేది!"

తనను తనే కొట్టుకోవలసిన ఆ పరిస్థితిని అచ్చుతప్పు గారు తలవంచుకుని ఆలోచించారు. తను ఓడలో ఉన్నట్టు ఆయనకు అంతవరకు తెలియదు.

"పోనీలే బాబాయ్" అంది ఆవిడ. "తప్పు నాదే. హడావిడిలో అంకె గుడ్డ తిరగేసి కుట్టాను. రిఫరీ గారూ, పది నిమిషాలు ఆగండి, విప్పి సరిగ్గా కుట్టేస్తాను. ఇదిగో, మిమ్మల్నే, కళ్ళు బాగా కనిపిస్తాయిగా, ఈ సూదిలో దారం ఎక్కించండి."

కండక్టరు కార్డులన్నీ వెనక్కి తీసుకుని, మెకానిక్కుకూ డ్రైవరుకూ చెరొక పసుపు కార్డు రాసి, పది నిమిషాలు విరామం అన్నాడు. డ్రైవరు ఒంటి మీద చొక్కా లేక సముద్రపు గాలికి వణుకుతూ కూర్చున్నాడు. అచ్చుతప్పు గారు మూడోసారికి దారం ఎక్కించగలిగారు. ఆవిడ పళ్ళతో పాత దారం తెంపి, అంకెను తిప్పి, గబగబా కుట్టింది. తన భార్య కుడుతుంటే దగ్గర కూర్చుని చూడటం ఆయనకదే మొదటిసారి. సూది గుడ్డలోకి దిగి పైకి వచ్చేలోపు ఆవిడ ముగ్గురితో మూడు మాటలు మాట్లాడుతోంది. "నీ మడమ తగ్గిందా?" "మీ పాపకు జ్వరం ఎలా ఉంది?" "గోలీ, గోలుకు ఎడమ పక్క చూసుకో, ఇందాకట్నుంచీ అటే వస్తున్నారు." అందరూ "అక్కా, అక్కా" అంటూ చుట్టూ చేరారు. ఇంట్లో క్రియలు లేకుండా మాట్లాడే మనిషి ఈవిడేనా అని ఆయన తెల్లబోయి చూశారు.

కుట్టడం అయ్యాక ఆవిడ మెట్ల మీదికి వెళ్తూ, "మీరూ రండి, ఇక్కడ నీడ ఉంది" అంది పరాయివాడితో అన్నట్టే.

ఆయన గొడుగు కింద, జానెడు దూరం వదిలి కూర్చున్నారు. ఆట మొదలైంది.

"మీరు... తరచుగా వస్తుంటారా అండీ?" అని అడిగారు చివరికి. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడను 'మీరు' అనడం, 'అండీ' అనడం అదే మొదలు. నాలుక మడత పడింది.

"ఏడాదిగా వస్తున్నా. బాబాయి కూతురు మా షాపు పక్కనే ఉంటుంది. చిరిగిన చొక్కాలు తెచ్చిచ్చింది. అవి కుట్టాక, ఎలా ఆడతారో చూద్దామని ఒకసారి వచ్చా. ఇక్కడ నన్ను చూడగానే అందరూ మాట్లాడారు. అంతే, ఇక మానలేకపోయాను."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెబితే 'ఫుట్‌బాల్‌లో పొల్లు ఎక్కడ వస్తుంది' అంటారు మా ఆయన."

ఆయన వేరుశనగలు ముందుకు చాపారు. ఆవిడ రెండు గింజలు తీసుకుంది.

"ఆఫ్‌సైడ్!" అని అరిచారు ఆయన, ఏదో ఒకటి మాట్లాడాలి గనక.

"కాదు. బంతి తన్నినప్పుడు వాడు వెనకే ఉన్నాడు, తర్వాత ముందుకు వచ్చాడు. అది తప్పు కాదు" అంది ఆవిడ. "మీరు చూడకుండానే అరిచేస్తున్నారు."

ఆయనకు కోపం రావలసింది. రాలేదు. తనను ఒకరు దిద్దితే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. కాస్త చురుక్కుమంది. ఎర్ర సిరాతో ఇలాంటివి ఎన్ని తను గీశారో లెక్క వేయబోయి మానుకున్నారు.

"ఆయన ఓడలో ఎన్నాళ్ళుంటారు?" అన్నారు మెల్లగా.

"ఎప్పుడూ ఓడలోనే. ఇంటికి వస్తారు, పోతారు, ఒడ్డున దిగరు." ఆవిడ ఆట మీంచి చూపు తిప్పలేదు. "ఒకప్పుడు చీటీలు రాసేదాన్ని. కూర అక్కడుంది, నీళ్ళు ఇక్కడున్నాయి అని. అందులో కూర ఒక్కటే కాదు కదండీ ఉండేది. ఆయన దీర్ఘాలు చూసుకున్నారు, అంతే."

మైదానంలో ఎవరో పడ్డారు, ఎవరో లేపారు.

"మీరెందుకొచ్చారు?" అంది ఆవిడ.

పరాయివాడికి మల్లే కూర్చోవడంలో ఒక సుఖం ఉంది. సొంత భార్యకు చెప్పలేని మాట పక్కనున్న కొత్త మనిషికి చెప్పవచ్చు.

"ఆదివారాలు నాకు ఏమీ తోచదండీ" అన్నారు. "పొద్దున్నే లేస్తే ఇంట్లో ఎవరూ ఉండరు. పేపరు చదువుతాను. మళ్ళీ చదువుతాను. మాట్లాడటానికి ఒక మనిషి ఉంటే బాగుండును అనిపిస్తుంది. కానీ నేను నోరు విప్పితే మనుషులు లేచిపోతారు. ఇక్కడైతే నలభై మంది మధ్య ఊరికే కూర్చోవచ్చని వచ్చాను."

ఆవిడ గొడుగు కాస్త ఆయన వైపు వంచింది.

ఆట ముగియడానికి ఇంకా మూడు నిమిషాలు ఉందనగా, మూలనుంచి బంతి గాల్లోకి లేచింది. లారీ డ్రైవరు తలతో కొడదామని ఎగిరి, గాల్లోనే దిక్కు తప్పి వెనక్కి తిరిగాడు. బంతి వచ్చి వాడి వీపు మీద, సరిగ్గా కొత్తగా కుట్టిన తొమ్మిది మీద తగిలి, అవతలి గోలీ చూస్తుండగా చేపల వలలో పడింది.

"గోల్!" అని ఆవిడ ఎగిరి గంతేసింది. గొడుగు ఎటో పోయింది. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు వదిలేసి, చీర సర్దుకుని కూర్చుంది. ఆయన చెయ్యి మాత్రం చాలాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది.

ఆట అయ్యాక అందరూ మెట్ల దగ్గర చేరారు. క్రేన్ బాబాయి చొక్కాలన్నీ విప్పించి ఒక గోనెసంచిలో వేయిస్తున్నాడు.

"మా ఇంటావిడకు భుజం పట్టేసింది. ఈ బురదంతా ఎవరు ఉతుకుతారో. పైగా ఆ ఎర్ర సిరా ఒకటి" అని నిట్టూర్చాడు.

"ఈయన ఉతుకుతారు బాబాయ్" అంది ఆవిడ.

"నేనా?" అన్నారు అచ్చుతప్పు గారు.

"సిరా మీదే కదండీ. పైగా ఆదివారాలు ఏమీ తోచదన్నారు. మాట్లాడటానికి ఒక మనిషి కావాలన్నారు. పదకొండు మందిని ఇస్తున్నాను, ఇంకేం కావాలి? ఈ సీజన్ అంతా ఈయనే ఉతికి తెస్తారు బాబాయ్. నెలనెలా వస్తారు."

పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. లారీ డ్రైవరు ఆయన్ని కౌగిలించుకున్నాడు. కండక్టరు ఆనందం పట్టలేక ఈల ఊదాడు. ఇంతమంది ఒకేసారి తన వంక చూసి నవ్వడం అచ్చుతప్పు గారి జీవితంలో లేదు. క్రేన్ బాబాయి టీ పట్టుకొచ్చి ఇస్తే, ఆయన అది తాగి వచ్చేసరికి గోనెసంచి మూతి కట్టేసి సిద్ధంగా ఉంది.

సంచి భుజాన వేసుకుంటే నడుం వంగిపోయింది. "పదకొండు చొక్కాలకే ఇంత బరువా?" అన్నారు.

"చెమట" అంది ఆవిడ.

సాయంత్రం రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. ఎదుటి సీట్లో ఆవిడ కూర్చుంది. మధ్యలో సంచి, దాని వాసన. రెండు స్టేషన్లు దాటాయి.

"నీటి పొదుపు సంచిక అయిందా?" అంది ఆవిడ.

"అయింది. మీ వదిన మోకాళ్ళు?"

"ఒకదానికి తగ్గింది. రెండోది రెండో సగంలో బెణికింది."

ఆయనకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయారు గానీ పొలమారింది. ఆవిడ నీళ్ళ సీసా ఇచ్చింది.

"నేను వస్తానని నీకు ముందే తెలుసా?"

"పొద్దున స్టేషన్‌లో చూశాను. బోర్డు ముందు నిలబడి వేలితో గాల్లో దీర్ఘాలు పెడుతున్నారు. అదే రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుని వచ్చాను. ఏం చెయ్యాలా అని గంటన్నర ఆలోచించాను. పిలుద్దామనే అనుకున్నాను. మెట్ల మీద మీరు ఒక్కరే కూర్చుని పొట్లం విప్పుకుంటుంటే..." ఆవిడ ఆగింది. "ఏ తప్పూ దొరక్కుండా కాసేపు అలా కూర్చుంటారేమో చూద్దామనిపించింది. మూడు నిమిషాలు కూర్చున్నారు."

"పదిహేడు ఓర్చుకున్నాను" అన్నారాయన, పౌరుషంగా. "తర్వాత ఇంకో పదిహేను."

"అవునా? అయితే కాస్త నయమే."

బయట పొలాలు, దీపాలు వెలగని ఇళ్ళు వెనక్కి పోతున్నాయి. ఆయన ఏదో చెప్పాలనుకున్నారు. 'చీటీల సంగతి...' అని మొదలుపెట్టారు. ఆవిడ అప్పటికే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఎప్పుడూ ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ నిద్రలో ఉండేది. ఆ మొహాన్ని ఇంత వెలుతురులో చూసి ఎన్నాళ్ళయిందో ఆయన గుర్తు తెచ్చుకోలేకపోయారు.

సోమవారం పొద్దున ఏడింటికి ఆవిడ ఆయన దుప్పటి లాగేసింది.

పెరట్లో కుళాయి కింద తొట్టి పెట్టి ఉంది. సబ్బు, బ్రష్షు, పక్కనే ఆవిడకో పీట. ఆయన పంచె పైకి కట్టి సంచి విప్పారు. నీలం చొక్కాలు ఒక్కొక్కటే తీసి తొట్టిలో వేశారు. పదకొండు అయ్యాయి. సంచి ఇంకా సగం నిండుగానే ఉంది. లోపలికి చెయ్యి పెట్టి లాగితే ఎర్ర చొక్కా వచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. మొత్తం ఇరవై రెండు.

"ఇవెవరివి?"

"పోస్టాఫీసు వాళ్ళవి."

"వాళ్ళవి మనకెందుకు అంటగట్టారు?"

"వాళ్ళేం అంటగట్టలేదు. మీరు టీ తాగుతుంటే నేనే అడిగి తెచ్చాను."

"నువ్వే అడిగావా? ఎందుకు?"

ఆవిడ పీట జరుపుకుని తొట్టి పక్కన కూర్చుంది. చీర కొంగు నడుముకు దోపుకుంది. ఆయన వైపు చూడకుండా సబ్బు నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ అంది.

"పదకొండైతే తొమ్మిదిన్నరకల్లా అయిపోతాయి. ఇరవై రెండైతే మీరు డ్యూటీకి వెళ్ళేదాకా పడుతుంది."

అచ్చుతప్పు గారు నెమ్మదిగా వంగి, తొట్టిలోంచి పైనున్న చొక్కా తీశారు.

"ఇదెవరిది?" అని అడిగారు.

"అదా? అది గోలీది. వాడి సంగతి మీకు మొదట్నుంచీ చెప్పాలి" అని ఆవిడ మొదలుపెట్టింది.